"లా ప్రాన్సెస్ ద క్లెవ్" చదువుతూ రాసుకున్న డైరీ పేజీలు: ఆవిడ భర్తకి చెప్పి ఉండాల్సిందా?

నీలిసిరా (శుక్రవారం, రాత్రి 9:40)

అందరికీ నమస్తే. నేను హైదరాబాద్‌లో ఫ్రెంచ్ ఎం.ఏ. చేస్తున్నాను. ఈ సెమిస్టర్‌లో మాకు మదామ్ ద లఫాయెత్ రాసిన "లా ప్రాన్సెస్ ద క్లెవ్" ఉంది. 1678లో పారిస్‌లో రచయిత పేరు లేకుండా వచ్చిన చిన్న నవల. కథ మాత్రం అంతకు నూట ఇరవై ఏళ్ళ ముందుది, రెండో హెన్రీ రాజ్యం చివరి రోజుల్లో, 1558-59 ప్రాంతంలో జరుగుతుంది. నాకు చిన్నప్పటి నుంచీ డైరీ అలవాటు, ఏ పుస్తకం చదివినా అందులో రాసుకుంటాను. దీని గురించి రాసినంత ఇంకే పుస్తకం గురించీ రాయలేదు. కొన్ని పేజీలు ఇక్కడ పెడుతున్నాను, కథ మొత్తం బయటపడిపోతుంది కాబట్టి చదవబోయేవాళ్ళు చూసుకోండి.

*మొదటి భాగం.* పేర్లే పేర్లు. రాజు, ఆయన రాణి కాథరిన్ ద మెడిచి, రాజు మనసంతా నిండిపోయిన దియాన్ ద ప్వాతియే, గీజ్ వాళ్ళు, మోంమొరాన్సీ వాళ్ళు. ఎవరు ఎవరి పక్షమో తెలియక నోట్‌బుక్‌లో వంశవృక్షం గీసుకున్నాను. ఒక్క సంగతి మాత్రం అర్థమవుతోంది, ఈ కొలువులో ఉన్నవాళ్ళందరికీ పక్కవాళ్ళని గమనించడమే పని. ఎవరు ఎవరితో ఎంతసేపు మాట్లాడారు, ఎవరు ఎవర్ని చూసి ఎర్రబడ్డారు అన్నదాని మీద పదవులు, పెళ్ళిళ్ళు నడుస్తున్నాయి. అలాంటి చోటికి పదహారేళ్ళ పిల్లని తల్లి తీసుకొచ్చి నిలబెట్టింది. ఆ పిల్ల నగలకి సరిపోయే రాళ్ళు చూసుకోవడానికి ఒక ఇటలీ వర్తకుడి కొట్టుకి వెళ్తే, అక్కడే క్లెవ్ ప్రభువు ఆమెని చూసి మనసు పారేసుకున్నాడు. మంచివాడు. ఆమెకి ఆయనంటే గౌరవం ఉంది, అంతకు మించి ఏమీ లేదు, ఆ మాట ఆయనకీ తెలుసు. అయినా పెళ్ళయిపోయింది. నవల పేరులోని ప్రాన్సెస్ (ప్రభువు భార్య) ఈ పిల్లే.

*లూవ్ర్‌లో నాట్యం.* ఆమె నాట్యం చేస్తూ తర్వాత ఎవరితో చేద్దామా అని చూస్తుంటే, ఆలస్యంగా వచ్చిన ఒకాయన కుర్చీలు దాటుకుంటూ వస్తున్నాడు. ఆయనతోనే చెయ్యమని రాజు కేకేశాడు. అతనే నెమూర్ డ్యూక్. ఇద్దరూ ఒకరికొకరు పరిచయం లేదు, హాలంతా వాళ్ళనే చూస్తోంది. అతనెవరో పోల్చుకున్నావా అని తర్వాత అడిగితే పోల్చుకోలేదంది. అబద్ధం. ఆ చిన్న అబద్ధాన్ని కూడా పక్కనున్న యువరాణి వెంటనే పట్టేసింది. నాకు ఇక్కడే భయం మొదలైంది. ప్రేమ ఇంకా ఆమెకే సరిగ్గా తెలియదు, అప్పుడే ఇంకొకళ్ళకి తెలిసిపోయింది.

*బొమ్మ దొంగతనం.* ఆమె చిన్న చిత్రపటాన్ని నెమూర్ బల్ల మీద నుంచి తీసేసుకున్నాడు. అందులో ఉన్నది ఆమే, కానీ ఆ పటం భర్త సొంతం. తెర సందులోంచి ఆమె చూసింది. అందరి ముందూ అడిగితే అతని ప్రేమ సంగతి ఊరంతా తెలుస్తుంది, ఒంటరిగా అడిగితే అతనికి మాట్లాడే అవకాశం ఇచ్చినట్టవుతుంది. అందుకని ఊరుకుంది. ఊరుకుందని అతనికీ తెలుసు. ఈ పేజీ మళ్ళీ మళ్ళీ చదివాను.

*కులొమియే.* కొలువుకి దూరంగా వాళ్ళ పల్లెటూరి భవనం. తోటలో చిన్న మండపం. కొలువుకి రాను, ఇక్కడే ఉండనివ్వండి అని బతిమాలుతుంటే భర్త కారణం అడిగి అడిగి వేధించాడు. చివరికి ఆమె మోకాళ్ళ మీద కూర్చుని చెప్పేసింది, నా మనసు ఒకరి వైపు వెళ్తోంది, నేను తప్పు చెయ్యలేదు, చెయ్యకుండా ఉండటానికి నన్ను దూరంగా ఉంచండి, అని. పేరు మాత్రం చెప్పలేదు. ఇదంతా పక్క గదిలో దాక్కుని నెమూర్ విన్నాడు.

ఇక్కడ పుస్తకం మూసేశాను. ఆ రోజు ఇంకేమీ రాయలేకపోయాను.

క్లాసులో చర్చంతా "ఆమె చెప్పడం ఒప్పా తప్పా" అన్న దాని మీదే సాగింది. నాకు వేరేలా అనిపిస్తోంది. ఈ నవలలో ఆమెకి తనదంటూ ఒక్క చోటు కూడా లేదు. బొమ్మ పోయింది, మాట పోయింది, మనసులో ఉన్నది కూడా పోయింది, అన్నీ ఒకే మనిషి ఎత్తుకుపోయాడు, ఆ మనిషినేమో మనం ప్రేమికుడు అని పిలుస్తున్నాం. మీరేమంటారు?

రాత్రిబండి (శుక్రవారం, రాత్రి 10:15)

నేను ఇంగ్లీషులో మొదలుపెట్టి ఆ పేర్ల దగ్గరే ఆపేశాను, మీ పోస్టు చదివాక మళ్ళీ తియ్యాలనిపిస్తోంది. ఒక సందేహం. ఇందులో ఉన్నవాళ్ళంతా నిజంగా ఉన్నవాళ్ళేనా? చారిత్రక నవల అంటున్నారు కదా, కానీ మీరు చెప్పింది వింటే యుద్ధాలూ కోటలూ ఏమీ లేవు, అంతా గదుల్లో మాటలే.

చరిత్ర_పిచ్చి (శుక్రవారం, రాత్రి 11:05)

రాత్రిబండి గారూ, దాదాపు అందరూ నిజమే, ఆమె తప్ప. ఆ మాట అనుకుని మళ్ళీ చదవండి, పుస్తకం వేరేగా కనపడుతుంది.

రాజు నిజం, కాథరిన్ నిజం, దియాన్ నిజం. యువరాణిగా కనపడే అమ్మాయి స్కాట్లండ్ రాణి మేరీ స్టువర్ట్, 1558లో ఫ్రాన్స్ యువరాజుని పెళ్ళి చేసుకుంది, తర్వాత ఇంగ్లండులో తల నరికించుకున్న మేరీ ఈమే. నెమూర్ కూడా నిజం. 1531లో పుట్టిన జాక్ ద సవ్వా, కొలువులో అందగాడని పేరు. ఇంగ్లండులో కొత్తగా గద్దెక్కిన ఎలిజబెత్ రాణిని అతను పెళ్ళాడతాడేమో అన్న ప్రయత్నం నవలలోనూ ఉంది, చరిత్రలోనూ ఉంది. క్లెవ్ వంశం నిజం. ఆమె తల్లి మదామ్ ద షార్త్ర్, ఆమె ఇద్దరూ మాత్రం కల్పితం.

రచయిత్రి దీనికోసం బాగా చదివింది. మెజరే రాసిన ఫ్రాన్స్ చరిత్ర, ఆ కాలపు కొలువు కబుర్లన్నీ రాసిపెట్టిన బ్రాంతోమ్ పుస్తకాలు (అవి అచ్చయింది 1660ల్లోనే, అంటే ఆవిడ రాసేనాటికి కొత్తవి). యుద్ధాలు లేవన్నారు కానీ యుద్ధం ఆపిన సంధి ఉంది. 1559 ఏప్రిల్‌లో స్పెయిన్‌తో కాతో-కాంబ్రెజి సంధి కుదిరింది, దాని కోసం రాజు కూతురు ఎలిజబెత్‌ని స్పెయిన్ రాజుకి ఇచ్చారు, ఆ పెళ్ళి సంబరాల్లోనే జూన్ 30న రాజు గుర్రమెక్కి బల్లెం ఆటకి దిగాడు. మోంగోమరీ బల్లెం విరిగి పెచ్చు రాజు కంట్లో దిగింది. జూలై 10న పోయాడు. నవలలో కూడా ఇదే జరుగుతుంది, కాకపోతే అదే ఆటలో నెమూర్ పసుపు నలుపు రంగులు వేసుకుని వచ్చాడు, ఎందుకో ఎవరికీ అర్థం కాలేదు, ఆమెకి మాత్రం అర్థమైంది. ఒకప్పుడు ఆమె తనకి పసుపంటే ఇష్టమనీ, జుట్టు రంగు వల్ల వేసుకోలేననీ అతని ముందు అంది. రాజు చావు, ఆ పసుపు రంగు ఒకే మైదానంలో. దేశం తలకిందులయ్యే రోజున ఆమె ఒక రంగుని చూస్తోంది. అంతకు ముందు ఫ్రెంచిలో పదేసి సంపుటాల వీరగాథలు వచ్చేవి, స్క్యుదెరి రాసిన "అర్తమెన్" లాంటివి, పేరుకి ప్రాచీన పర్షియా అయినా మనుషులంతా రచయిత్రి కాలం వాళ్ళే. ఇది అలా కాదు, తేదీలకి కట్టుబడి రాసిన నవల. అందుకే చారిత్రక నవలల్లో తొలివాటిలో దీన్ని చెప్పాలి.

కృష్ణాతీరం (శనివారం, ఉదయం 7:20)

అమ్మాయ్ నీలిసిరా, చాలా బాగా రాశావు, కానీ భర్తని మరిచిపోయావు. ఆ క్లెవ్ ప్రభువు గురించి మాట్లాడేవాళ్ళే ఉండరు ఎప్పుడూ. పెళ్ళినాడే ఆయనకి తెలుసు ఈ పిల్లకి తన మీద ప్రేమ లేదని. ఆ బాధ ఆమెకే చెప్పుకున్నాడు, ఆమె దగ్గర జవాబు లేదు. తన మీద లేకపోతే పోనీ, ఇంకెవరి మీదా కలగలేదు కదా అనుకుని బతుకుతున్నాడు. ఆ ఒక్క ఆధారం కూడా ఆమె తీసేసింది. నిజాయితీగా చెప్పింది సరే, కానీ నిజం చెప్పి తన గుండె బరువు దించుకుని ఎదుటివాడి గుండె మీద పెట్టడం కూడా ఒక రకం స్వార్థమే కదా. నాకు పెళ్ళయి చాలా ఏళ్ళయింది. ఇంట్లో అన్నీ చెప్పుకోవాలి అని చిన్నప్పుడు నేనూ అనుకున్నాను, ఇప్పుడు అనుకోను. కొన్ని మింగెయ్యాలి.

ఆయన చచ్చిపోయేది కూడా జ్వరంతో అంటారు కానీ, అసలు రోగం అనుమానమే. తన మనిషిని కాపలా పెట్టాడు, ఆ మనిషి వచ్చి నెమూర్ రాత్రి తోటలోకి వెళ్ళాడని చెప్పాడు. లోపల ఏం జరిగిందో, అసలు ఏమీ జరగలేదో, చూడలేదు. సగం నిజం విని మంచాన పడ్డాడు పాపం.

నీలిసిరా (శనివారం, ఉదయం 9:02)

కృష్ణాతీరం గారూ, మీరు చెప్పినది నన్ను నిజంగా ఆపింది. భర్త మీద నాకూ జాలి ఉంది, ఈ నవలలో అందరికంటే ఎక్కువ ప్రేమించినవాడు ఆయనే అనిపిస్తుంది కూడా. కానీ ఆమె తనంతట తను వెళ్ళి చెప్పలేదు. దూరంగా ఉండనివ్వండి అని మాత్రమే అడిగింది. ఎందుకు, ఎందుకు అని ఆయనే తవ్వాడు. చెప్పాక పేరు కావాలన్నాడు. పేరు చెప్పనంటే తర్వాత ఉపాయం పన్నాడు, స్పెయిన్‌కి రాజకుమార్తెని తీసుకెళ్ళడానికి నెమూర్‌ని కూడా పంపుతున్నారు అని అబద్ధమాడి ఆమె ముఖం చూశాడు. ఆమె ముఖమే చెప్పేసింది. అంటే ముఖం కూడా ఆమెది కాదు.

ఇంకో చోటు గుర్తు చేస్తాను. దాక్కుని విన్న నెమూర్ ఆగలేక తన స్నేహితుడు విదామ్‌కి చెప్పాడు, పేర్లు లేకుండా, వేరే ఎవరిదో కథలాగా. విదామ్ తను ప్రేమిస్తున్నావిడకి చెప్పాడు. ఆవిడ యువరాణికి. యువరాణి వచ్చి, కొత్త కబురు అంటూ, ఎవరికి చెప్తోంది? ఆమెకే. అంతలో నెమూర్ కూడా అక్కడికి వచ్చాడు. తను భర్త దగ్గర ఏడుస్తూ చెప్పిన మాట కొలువులో వినోదమై తిరిగొచ్చి తన చెవినే పడింది. భర్త నోరు జారాడని ఆమె అనుకుంది, ఆమే ఎవరికో చెప్పిందని భర్త అనుకున్నాడు. ఇద్దరూ ఒకరినొకరు అనుమానించుకున్నారు, అసలు దొంగ నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నాడు.

నాకు ఈ పేజీలు ఎందుకింత తగిలాయంటే, ఒకసారి హాస్టల్లో నా డైరీ ఒకరు తీసి చదివారు. చదివి నాతో ఏమీ అనలేదు, మిగతావాళ్ళతో అన్నారు. అందులో పెద్ద రహస్యాలేం లేవు. కానీ మెస్‌లో కూర్చుంటే నేను రాసుకున్న ఒక వాక్యం ఇంకొకరి నోట్లోంచి వినపడింది, నవ్వుతూ అన్నారు. ఆ తర్వాత చాలా రోజులు నా డైరీలో నేను నిజం రాసుకోలేకపోయాను, ఎవరో చూస్తారు అన్నట్టు రాసేదాన్ని. ఆమె దగ్గర డైరీ కూడా లేదు. ప్రతి ఘటన తర్వాత గదిలోకి వెళ్ళి తలుపేసుకుని తనలో తాను లెక్క చూసుకుంటుంది కదా, ఏం జరిగింది, నేనేం చేశాను, ఏమవుతాను అని, ఆ పేజీలే ఆమె డైరీ.

భోషాణం (శనివారం, మధ్యాహ్నం 12:30)

నేను చాలా ఏళ్ళు ఫ్రెంచి పాఠాలు చెప్పి రిటైరయ్యాను. ఈ చర్చ చూసి చాలా సంతోషం కలిగింది, ఎందుకంటే మీరు ఇప్పుడు చేస్తున్న పనే 1678లో ఫ్రాన్సంతా చేసింది.

పుస్తకం మార్చిలో బార్బాన్ అనే ప్రచురణకర్త దగ్గర వచ్చింది. ఆ సంవత్సరమే "మెర్క్యూర్ గలాన్" అనే పత్రిక పాఠకులకి ఒక ప్రశ్న వేసింది. భర్తంటే గౌరవం ఉండి, ఇంకొకరి మీద మనసుపడి, ఆ మనసుతో పోరాడుతున్న ఇల్లాలు ఆ సంగతి భర్తకి చెప్పడం మంచిదా, చెప్పకుండా పోరాడటం మంచిదా? పల్లెల నుంచీ పట్నాల నుంచీ ఉత్తరాలు వచ్చాయి. చెప్పకూడదన్నవాళ్ళే ఎక్కువ. కృష్ణాతీరం గారూ, మీ పక్షాన పెద్ద గుంపే ఉంది. బుస్సీ-రబ్యుతాన్ అనే ప్రభువు తన బంధువు మదామ్ ద సెవిన్యేకి రాసిన ఉత్తరంలో ఆ ఒప్పుకోలు విడ్డూరంగా ఉందన్నాడు. కుర్రవాడైన ఫోంతెనెల్ మాత్రం దీన్ని నాలుగుసార్లు చదివానని రాశాడు, ఆ ఒప్పుకోలు అతనికి చాలా నచ్చింది. వలాంకూర్ అనే ఇంకో కుర్రవాడు పుస్తకం మీద ఏకంగా ఇంకో పుస్తకం రాశాడు. సరిగ్గా ఆ వేళకి నెమూర్ అక్కడ దాక్కుని ఉండటం నమ్మేలా లేదని అతని అభ్యంతరం. మరుసటి ఏడు షార్న్ అనే ఆయన దానికి జవాబుగా ఇంకో పుస్తకం.

అమ్మాయ్, నువ్వు అడిగిన ప్రశ్న మాత్రం వేరు. వలాంకూర్ "అతను అక్కడ ఉండటం నమ్మేలా లేదు" అన్నాడు, నువ్వు "అతను అక్కడ ఉండకూడదు" అంటున్నావు. నేను క్లాసులో ఎన్నోసార్లు చెప్పిన పాఠం ఇది, ఆ దాక్కున్న మనిషిని నేనెప్పుడూ కథలో ఒక కీలుగానే చూపించాను. నీలా అడిగిన విద్యార్థి ఎదురుగా ఉండి ఉంటే ఆ క్లాసు ఇంకా బాగుండేది.

రచయిత్రి గురించి కూడా ఒక ముక్క. ఆవిడ 1634లో పుట్టింది, 1655లో పెళ్ళయింది, భర్త ఎక్కువగా ఓవెర్న్‌లోని తన ఎస్టేటులో ఉండేవాడు, ఆవిడ పారిస్‌లో. లా రోష్‌ఫూకో ఆవిడకి ఆప్తమిత్రుడు. పుస్తకం నాది కాదని ఆవిడ ఉత్తరంలో రాసింది కూడా, పైగా అదే ఉత్తరంలో దాన్ని మెచ్చుకుంది! పేరు బయటపెట్టకుండా రాసిన మనిషి, తన మనసుని దాచుకోవాలనుకున్న స్త్రీ కథ రాసింది. ఇది నీ వాదానికి పనికొస్తుంది, రాసుకో.

రాత్రిబండి (శనివారం, మధ్యాహ్నం 2:48)

నెమూర్ తరఫున ఒక్కరైనా మాట్లాడాలి కదా. అతను అప్పటిదాకా ఆడవాళ్ళతో సరదాగా తిరిగినవాడు, ఈమెని చూశాక అన్నీ మానేశాడు. ఇంగ్లండు రాణి అయ్యే అవకాశం, అదే, రాణి భర్త అయ్యే అవకాశం వదులుకున్నాడు. అంత పెద్ద సింహాసనం కాదనుకున్నవాడిది నిజమైన ప్రేమ కాదా? దాక్కుని వినడం తప్పే. కానీ ఆమె అతనితో ఒక్క మాట మాట్లాడే దారి ఇవ్వలేదు, మనిషి ఇంకెలా తెలుసుకుంటాడు? ప్రేమలో ఉన్నవాళ్ళు చేసే పిచ్చిపనులన్నిటినీ కోర్టులో పెట్టి విచారిస్తే ఎవరూ మిగలరు.

నీలిసిరా (శనివారం, సాయంత్రం 5:30)

రాత్రిబండి గారూ, అతని ప్రేమ అబద్ధమని నేననట్లేదు. నిజమే, దాన్ని ఎవరూ కాదనలేరు. కానీ అతను ఆమెని తెలుసుకున్నదంతా ఆమె ఇవ్వకుండా తీసుకున్నదే. నాలుగో భాగంలోని రాత్రి చూడండి. నా డైరీలో దాని గురించి ఇలా ఉంది:

*కులొమియే, రాత్రి.* వేడిగా ఉంది. కిటికీలన్నీ తీసి ఉన్నాయి. మండపంలో ఆమె ఒక్కతే, జుట్టు విడిగా, ఒక బెత్తం చేతికర్రకి రిబ్బన్లు చుడుతోంది. అది చాలా అరుదైన ఇండియా బెత్తం. ఒకప్పుడు నెమూర్ చేతిలో ఉండేది, అతను తన చెల్లెలికి ఇచ్చాడు, ఆ చెల్లెలి దగ్గర నుంచి ఈమె తెచ్చుకుంది, ఎవరికీ తెలియనివ్వకుండా. రిబ్బన్ల రంగులు అతను బల్లెం ఆటలో వేసుకున్నవే. తర్వాత దీపం పట్టుకుని మెట్జ్ ముట్టడి చిత్రం దగ్గరికి వెళ్ళి, అందులో ఉన్న అతని ముఖం చూస్తూ కూర్చుంది. ఎంత ప్రశాంతంగా ఉంది! నవల మొత్తంలో ఆమె సంతోషంగా ఉన్న రాత్రి ఇదొక్కటే. అతను లేనప్పుడే ఆమె అతన్ని హాయిగా ప్రేమించగలుగుతోంది. కానీ అతను కిటికీ చాటు నుంచి చూస్తున్నాడు. అతన్ని చూసే ఇంకో మనిషి, భర్త పంపినవాడు, తోట బయట.

ఇది రాసుకుంటూ నాకు చాలా కోపం వచ్చింది. ఆమెకి దొరికిన ఆ కాస్త ఏకాంతంలో కూడా రెండు జతల కళ్ళు. అతను దగ్గరికి రాబోయాడు, కండువా కిటికీకి తగులుకుని చప్పుడైంది, ఆమె వెంటనే లేచి ఆడవాళ్ళున్న గదిలోకి వెళ్ళిపోయింది. ఆ ఒక్క రాత్రి వల్లే భర్త ప్రాణం పోయింది. మీరు పిచ్చిపని అన్నదాని ఖరీదు అది, ఖరీదు కట్టింది మాత్రం అతను కాదు.

లియోన్_తెలుగు (శనివారం, రాత్రి 11:50)

చెల్లీ, నేను లియోన్‌లో ఉంటున్నాను, పిల్లలు ఇక్కడే చదువుకుంటున్నారు. ఈ పుస్తకం ఇక్కడ ఎంత పెద్ద రాజకీయ గొడవైందో మనవాళ్ళకి తెలుసో లేదో.

2006లో సార్కోజీ, అప్పటికి ఇంకా మంత్రి, మా లియోన్‌లోనే ఒక సభలో మాట్లాడుతూ ప్రభుత్వోద్యోగుల పరీక్షలో ఈ నవల మీద ప్రశ్నలు పెట్టడాన్ని ఎగతాళి చేశాడు. కౌంటర్‌లో కూర్చునే ఉద్యోగిని ఈ నవల గురించి ఎవరైనా అడుగుతారా అన్నట్టు. అధ్యక్షుడయ్యాక కూడా మళ్ళీ ఎత్తాడు. జనానికి ఒళ్ళు మండింది. 2009లో యూనివర్సిటీల సమ్మె జరుగుతున్నప్పుడు పారిస్‌లో పాంతెయోన్ ముందు నిలబడి టీచర్లు, విద్యార్థులు వంతులవారీగా ఈ నవలని బయటికి చదివారు. "నేను ప్రాన్సెస్ ద క్లెవ్ చదువుతున్నాను" అన్న బ్యాడ్జీలు పెట్టుకుని తిరిగారు. పుస్తకాల కొట్లలో కాపీలు బాగా అమ్ముడయ్యాయి. కౌంటర్‌లో కూర్చునే మనిషికి ఈ కథ ఎందుకు అనడంలో ఉన్న చిన్నచూపు నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. మేం ఇక్కడికి వచ్చిన కొత్తలో కౌంటర్లలో కూర్చునేవాళ్ళతోనే మాకు పని, వాళ్ళలో మంచి పాఠకులున్నారు.

ఇంకోటి, 2011లో ఒక డాక్యుమెంటరీ వచ్చింది, రెజీ సోదెర్ తీశాడు. మార్సెయ్ ఉత్తరపు పేటల్లోని ఒక హైస్కూలు పిల్లలు, చాలామందివి వలస కుటుంబాలు, ఈ నవల చదువుతారు. ఆ పిల్లలు నవలలోని మాటల్ని తమ మాటల్లాగే చెప్తుంటే, తల్లి కూతురికి చేసే హెచ్చరికలు చెప్తుంటే, నాకు మా విజయవాడ ఇల్లు గుర్తొచ్చింది. ఎవరితో మాట్లాడుతున్నావు, ఎవరు చూస్తారు, నలుగురూ ఏమనుకుంటారు. మూడు వందల ఏళ్ళ కిందటి ప్రభువుల కథ ఆ పేటల పిల్లలకి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేకుండానే అర్థమైంది. కాబట్టి నీ డైరీ పేజీలు చూసి నాకు ఆశ్చర్యం కలగలేదు, చాలా ఆనందం మాత్రం కలిగింది.

కృష్ణాతీరం (ఆదివారం, ఉదయం 6:55)

తల్లి మాట వచ్చింది కాబట్టి చెప్తున్నాను. మదామ్ ద షార్త్ర్ చాలా తెలివైన మనిషి. అప్పటి తల్లులంతా కూతుళ్ళ దగ్గర ప్రేమ అన్న మాటే ఎత్తకపోతే, ఈవిడ అన్నీ చెప్పి పెంచింది, ప్రేమలో ఉండే తీపి ఇదీ, మగవాళ్ళ మాటల్లో ఉండే మోసం ఇదీ అని. కానీ తనకి అన్నీ చెప్పాలని కూడా నేర్పింది. ఆ పిల్ల జీవితంలో మొదటిసారి తల్లికి చెప్పనిది నెమూర్ సంగతే. తల్లికి తెలిసిపోయింది, తెలిసినట్టు బయటపడలేదు. చనిపోయే ముందు మాత్రం నువ్వు లోయ అంచున ఉన్నావు అని హెచ్చరించి పోయింది. తల్లి పోయాక ఆ చెప్పుకునే అలవాటే భర్త వైపు తిరిగిందేమో. అలా చూస్తే ఆమె ఒప్పుకోలు నాకు కాస్త వేరేగా అర్థమవుతోంది. స్వార్థం అన్నాను నిన్న, ఆ మాట కటువుగానే ఉంది కానీ పూర్తిగా వెనక్కి తీసుకోను.

మరి చివర్లో ఎందుకు కాదంది? భర్త పోయాడు, ఆమె వితంతువు, అడ్డం ఎవరూ లేరు. మా బుక్ క్లబ్బులో అందరూ ఇక్కడే కోప్పడ్డారు.

నీలిసిరా (ఆదివారం, ఉదయం 10:20)

చివరి పేజీలు చదివాక రాసుకున్నది పెడుతున్నాను. ఇదే నేను అసలు చెప్పాలనుకున్నది.

*చివరి మాటలు.* విదామ్ ఇంట్లో ఇద్దర్నీ ఒంటరిగా కలిపాడు. నవల మొత్తంలో వాళ్ళిద్దరూ మనసు విప్పి మాట్లాడుకున్నది ఇదొక్కసారే. ఆమె ఏమీ దాచలేదు. ప్రేమించానని చెప్పింది. నీ వల్లే నా భర్త పోయాడు, ఆ పని నువ్వు చేతులతో చేసినట్టే నాకు కనపడుతోంది అంది. అంతటితో ఆగితే దీన్ని పాతివ్రత్యం కథ అనుకుని ఊరుకునేదాన్ని. ఆగలేదు. ఇంకో కారణం చెప్పింది, అదే తనకి పెద్దది అన్నట్టు చెప్పింది. నువ్వు నన్ను ఇంతగా ప్రేమించడానికి అడ్డంకులే కారణమేమో, పెళ్ళయ్యాక ఆ ప్రేమ ఉండదు, నీకు ఇంతకు ముందు ఎన్నో ప్రేమలున్నాయి, ఇకముందూ ఉంటాయి, అప్పుడు నేను పడే అసూయ ఎలా ఉంటుందో ఆ ఉత్తరం దొరికిన రోజున చూశాను. ఆ బాధ నేను పడను.

ఆ ఉత్తరం విదామ్‌ది, నెమూర్‌దని పొరబడి ఆమె ఒక రాత్రంతా నలిగిపోయింది. పొరపాటని తేలిపోయింది, అయినా ఆ రాత్రి తనకి ఏమైందో ఆమె మర్చిపోలేదు. తన మనసుని తనే పరీక్షించి చూసుకున్న మనిషి మాట ఇది. ఇంత చూపు ఆ కొలువులో ఇంకెవరికీ లేదు. అందరూ పక్కవాళ్ళని చూడటంలో ఆరితేరినవాళ్ళు, ఆమె ఒక్కతే తనని తాను చూసుకుంది.

దీన్ని భయం అన్నాడు మా క్లాసులో ఒకబ్బాయి. నేను ఒప్పుకోను. భయపడినవాళ్ళు ఎదురుగా కూర్చుని నేను నిన్ను ప్రేమిస్తున్నాను, అయినా కాదంటున్నాను అని కారణాలు వరసగా చెప్పలేరు. తల్లి చెప్పినట్టు పెరిగింది, రాజు చెప్పినవాడితో నాట్యం చేసింది, పెద్దలు కుదిర్చిన పెళ్ళి చేసుకుంది. తనంతట తను తీసుకున్న నిర్ణయాలు నవల మొత్తంలో రెండే, ఒకటి చెప్పడం, రెండోది కాదనడం. మొదటిదాన్ని అతను దొంగిలించాడు. రెండోదాన్ని ఎవరూ ఏమీ చెయ్యలేకపోయారు. పిరనీస్ పర్వతాల దగ్గర తన ఎస్టేటుకి వెళ్ళింది, జబ్బుపడి తేరుకుంది, ఏడాదిలో కొంత కాలం మఠంలో, కొంత కాలం ఇంట్లో గడిపింది. అతను అక్కడికీ వెళ్ళాడు. ఆమె కలవలేదు, ఇంకొకరి చేత కబురు పంపింది. మొదటిసారి అతను తలుపు బయట నిలబడి ఏమీ వినకుండా వెనక్కి వెళ్ళాడు.

భోషాణం (ఆదివారం, ఉదయం 11:45)

అమ్మాయ్, దీన్ని వ్యాసంగా రాసి మీ డిపార్ట్‌మెంట్‌లో ఇవ్వు, ఇలాగే, డైరీలోంచి వచ్చినట్టుగానే ఉండనీ. ఒక్కటి చూసుకో, ఆమె త్వరగానే చనిపోయిందని చివరి వాక్యంలో ఉంది. కొందరు దాన్ని శిక్ష అని చదువుతారు, దానికి నీ జవాబు ఏమిటో కూడా రాయి.

చరిత్ర_పిచ్చి (ఆదివారం, మధ్యాహ్నం 1:10)

నీలిసిరా గారూ, మీ వాదానికి చరిత్ర నుంచి ఒక సాక్ష్యం. అసలు నెమూర్ డ్యూక్ ఫ్రాన్స్వాజ్ ద రొహాన్ అనే ఆవిడకి పెళ్ళి మాట ఇచ్చాడని కేసు నడిచింది. 1557లో ఆవిడకి కొడుకు పుట్టాడు. అంటే ఈ నవల కథ జరిగే కాలానికి ఆ గొడవ నడుస్తూనే ఉంది. ఏళ్ళ తరబడి విచారణ జరిగి అతనికి అనుకూలంగా తేలింది. 1566లో అతను ఆన్ దెస్తెని పెళ్ళి చేసుకున్నాడు, ఆమె 1563లో హత్యకి గురైన గీజ్ డ్యూక్ భార్య. ఆ గీజ్ కూడా ఈ నవలలో మొదటి పేజీల్లోనే కనపడతాడు. ఈ సంగతులు చదివినవాళ్ళకి ఆమె చివర్లో చెప్పే అనుమానం ఉట్టి ఊహలా అనిపించి ఉండదు.

రాత్రిబండి (ఆదివారం, మధ్యాహ్నం 1:32)

ఇది తెలియదు. సింహాసనం వదులుకున్నాడు కదా అని నేను మొండిగా వాదించాను, ఇప్పుడు కూడా నవలలో ఉన్న నెమూర్ మీద నాకు జాలి పోలేదు, కానీ ఏళ్ళు గడిచాక ఆ నవలలోనే అతని ప్రేమ చల్లారిపోయిందని రాశారు అని ఇప్పుడే చివరి పేజీ తిప్పి చూశాను. ఈసారి వంశవృక్షం ముందు పెట్టుకుని మొదటి భాగం నుంచి చదువుతాను. నీలిసిరా గారూ, మీరు నోట్‌బుక్‌లో గీసుకున్నది ఫోటో తీసి పెట్టగలరా?

నీలిసిరా (ఆదివారం, మధ్యాహ్నం 2:05)

పెడతానండీ, సాయంత్రంలోగా. గీజ్ వాళ్ళకి ఎర్ర సిరా, మోంమొరాన్సీ వాళ్ళకి ఆకుపచ్చ వాడాను, నెమూర్‌కి పసుపు. మాస్టారూ, చావు గురించి మీరడిగింది రాయడం మొదలుపెట్టాను, అది కుదిరాక ఇక్కడే పెడతాను.